ఏడు మెట్లు, ఒక గవర్నరు



ఈ శీర్షికలో నెలనెలా ఒక్కొక్కరి జీవితాన్ని గూర్చి ముచ్చటించుకుంటున్నాం. ఈ నెల మిమ్మల్ని చాలా దూరం, కెనడా దేశానికి తీసుకువెళ్ళాలని నా ఆశ. అయితే బయలుదేరేముందు మా ఊరి గుడి మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఎందుకంటే ఈ కథ నాకు అక్కడే మొదలయ్యింది.

చాలా ఏండ్ల క్రితం మా ఊళ్ళో పాత పెంకుటింటి గుడి తీసివేసి కొత్త గుడి కట్టుకున్నాం. కట్టడపు కమిటీలో నేనూ ఒకణ్ణి. వానాకాలంలో చెరువు పొంగితే నీళ్ళు లోపలికి వస్తాయని పునాది ఎత్తుగా లేపాం. ముందు ఏడు మెట్లు కట్టించాం. మెట్లకు అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటి మీద సిమెంటు పువ్వులు. చూడటానికి ఎంతో అందంగా వచ్చింది. ప్రతిష్ఠ దినాన ఊరంతా మెచ్చుకుంది.

మా సంఘంలో ఒక సహోదరి ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద వస్తుంది. పాత గుడికి మెట్లు లేవు గనుక బండి గుమ్మం దాకా వచ్చేది. అక్కడినుండి చాప మీదకు తనంతట తానే జరిగి కూర్చునేది. కొత్త గుడి కట్టిన తర్వాత ఆమె వేపచెట్టు క్రింద బండిలోనే కూర్చోవటం మొదలుపెట్టింది. సంస్కారపు ఆదివారాన ఇద్దరు మగవాళ్ళు ఆమెను ఎత్తుకుని మెట్లెక్కించేవారు. ఎదిగిన ఆడమనిషిని అందరి ఎదుట అలా ఎత్తుకుపోతే ఆమెకు ఎలా ఉంటుందో మేమెవరమూ ఆలోచించలేదు. ఒకసారి నేనే దగ్గరకు వెళ్ళి, "నీకేం ఇబ్బంది లేదు కదమ్మా, మైకు పెట్టాం, ఇక్కడికి అంతా వినబడుతుంది" అన్నాను. ఆమె నవ్వి, "మైకు నా దగ్గరకు వచ్చిందన్నా, నేనే లోపలికి రాలేకపోతున్నాను" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. తర్వాత ఎప్పుడో డేవిడ్ ఆన్లీ అనే ఆయన జీవితాన్ని గూర్చి చదివినప్పుడు ఆ మాటే మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

బంగళా లేని గవర్నరు

కెనడాలో పది రాష్ట్రాలున్నాయి. వాటిలో అన్నిటికంటె ఎక్కువ జనం ఉన్నది అంటారియో. ముఖ్యపట్టణం టొరంటో. విస్తీర్ణం మన దేశంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. మన తెలుగువారు కూడా చాలామంది ఇప్పుడు అక్కడ కాపురముంటున్నారు.

మన రాష్ట్రాలకు గవర్నర్లున్నట్టే కెనడాలో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక లెఫ్టినెంట్ గవర్నరు ఉంటారు. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. కెనడాకు రాష్ట్రపతి లేరు. బ్రిటిష్ సింహాసనం మీద ఎవరుంటే వారే ఆ దేశానికి కూడా రాజు లేక రాణి. 2022 వరకు ఎలిజబెత్ రాణి, ఆమె తర్వాత చార్లెస్ రాజు. దేశమంతటికీ రాజు తరపున గవర్నర్ జనరల్, ఒక్కొక్క రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు. ప్రధానమంత్రి సలహా మీద గవర్నర్ జనరల్ వీరిని నియమిస్తారు.

వీరు చేసే పని మన గవర్నర్లు చేసే పనివంటిదే. శాసనసభను సమావేశపరచటం, ప్రభుత్వం వ్రాసి ఇచ్చిన ప్రసంగం చదవటం, సభ ఆమోదించిన బిల్లు మీద సంతకం చేయటం, ముఖ్యమంత్రి చేత, మంత్రుల చేత ప్రమాణం చేయించటం. సొంతగా పరిపాలించే అధికారం దాదాపు లేదనే చెప్పాలి. ఇంకొక విశేషం. గవర్నరు అనగానే మనకు రాజభవనం, తోటలు, నౌకర్లు గుర్తుకు వస్తారు. అంటారియో గవర్నరుకు బంగళా లేదు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో, ఇంత ఖర్చు మనకెందుకని 1937లో ఆ రాష్ట్రం గవర్నరు భవనాన్ని మూసివేసింది. అప్పటినుండి క్వీన్స్ పార్కు అనే చోట ఉన్న శాసనసభ కట్టడంలోనే గవర్నరుకు కొన్ని గదులు.

బంగళా లేదు, అధికారం లేదు. మరి ఏముంది? ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవారి మాట జనం వింటారు. ఆ మాటను ఎవరి కొరకు వాడుకోవాలన్నది కూర్చున్నవారి మనస్సాక్షిని బట్టి ఉంటుంది. 1985 నుండి 1991 వరకు ఆ కుర్చీలో లింకన్ అలెగ్జాండర్ కూర్చున్నాడు. ఆయన నల్లజాతివాడు. తండ్రి రైలు బండ్లలో పోర్టరు, తల్లి ఇళ్ళలో పనిమనిషి. 2002 నుండి 2007 వరకు జేమ్స్ బార్టిల్‌మన్. ఆయన తల్లి అక్కడి ఆదివాసి జాతికి చెందినది. దూరపు ఉత్తర గ్రామాలలోని ఆదివాసి పిల్లల బడులకు ఆయన పన్నెండు లక్షలకు పైగా పుస్తకాలు పోగుచేసి పంపించాడు. ఆయన తర్వాత 2007 సెప్టెంబరు 5న ఆ కుర్చీకి వచ్చినవాడే డేవిడ్ ఆన్లీ. అంటారియోకు ఇరవై ఎనిమిదవ లెఫ్టినెంట్ గవర్నరు. కాళ్ళు సరిగా పనిచేయని వ్యక్తి ఆ పదవికి రావటం అంటారియోలో అదే మొదటిసారి.

రెండేండ్ల తేడా

డేవిడ్ ఆన్లీ 1950 జూన్ 12న అంటారియోలోని మిడ్‌లాండ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. టొరంటో ప్రక్కన ఉన్న స్కార్‌బరోలో పెరిగాడు. మూడేండ్ల వయస్సులో పోలియో వచ్చింది. అది మామూలు సంవత్సరం కాదు. 1953లో కెనడాను పోలియో ఊపివేసింది. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు తొమ్మిది వేలమందికి జబ్బు సోకింది, సుమారు అయిదువందలమంది చనిపోయారు.

పోలియో ఎలా పనిచేస్తుందో మన ఇళ్ళలోని పెద్దలకు కొంత తెలుసు. నోటి ద్వారా లోపలికి పోయే క్రిమి అది. మురికి నీళ్ళు, కడగని చేతులు దానికి దారి. ప్రేగులలో పెరుగుతుంది. చాలామంది పిల్లలకు కొద్దిపాటి జ్వరంతో పోతుంది. సుమారు రెండువందలమందిలో ఒక్కరికి మాత్రం వెన్నుపాములోకి చేరి, కండరాలను కదిలించే నరాలను చంపివేస్తుంది. రాత్రి జ్వరంతో పడుకున్న బిడ్డ తెల్లవారి లేచి నిలబడలేడు. స్పర్శ పోదు, తెలివి పోదు. కదలిక మాత్రమే పోతుంది.

చిన్న డేవిడ్‌కు చేతులు, కాళ్ళు రెండూ పడిపోయాయి. ఎంతోకాలం వ్యాయామ చికిత్స చేయించిన తర్వాత చేతులు తిరిగి పనిచేయసాగాయి. కాళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. ఇనుప కాలిపర్లు, చేతికర్రలతో కొద్ది దూరం నడవగలిగేవాడు. పెద్దయిన తర్వాత దూరం పోవాలంటే బ్యాటరీతో నడిచే చిన్న బండి వాడేవాడు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. జోనస్ సాల్క్ కనిపెట్టిన పోలియో టీకా పనిచేస్తుందని లోకానికి ప్రకటించింది 1955 ఏప్రిల్ 12న. ఆ టీకాను పరీక్షించటానికి కావలసిన మందులో ఎక్కువ భాగానికి క్రిములను పెంచి ఇచ్చింది టొరంటోలోని కానాట్ ప్రయోగశాలే. అంటే ఆ బిడ్డ పెరుగుతున్న ఊళ్ళోనే మందు తయారవుతోంది. అతనికి మాత్రం రెండేండ్లు ఆలస్యమయ్యింది. రెండేండ్ల తేడాలో ఒక మనిషి నడక పోయింది.

మన దేశంలోనైతే ఆ తేడా రెండేండ్లు కాదు. టీకా ఉన్నా అందరికీ చేరక, అనేక దశాబ్దాలపాటు మన పిల్లల కాళ్ళు చచ్చుబడుతూనే వచ్చాయి. పల్స్ పోలియో మొదలయ్యింది 1995లో. ఆ ఆదివారాలు మీకు జ్ఞాపకముండే ఉంటాయి. అయిదేండ్లలోపు పిల్లలను చంకనెత్తుకుని తల్లులు బడి దగ్గరకు, గుడి దగ్గరకు, బస్టాండు దగ్గరకు వచ్చేవారు. రెండు చుక్కలు నోట్లో, చిటికెన వ్రేలి గోటికి సిరా మచ్చ. ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఎండలో తిరిగిన నర్సమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు మన ఊళ్ళ కొరకు ఎంత మేలు చేశారో మనం సరిగా చెప్పుకోలేదు. 2009లో దేశంలో 741 మంది పిల్లలకు పోలియో వచ్చింది. 2010లో 42 మందికి. 2011లో ఒక్కరికి, పశ్చిమ బెంగాల్‌లో ఒక చిన్నపిల్లకు. ఆ తర్వాత లేదు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశమని ప్రకటించారు. డేవిడ్ ఆన్లీ పదవీకాలం ముగిసింది కూడా ఆ ఏడాదే.

వాతావరణం చెప్పే మనిషి

డేవిడ్ ఆన్లీ 1975లో టొరంటో విశ్వవిద్యాలయపు స్కార్‌బరో కళాశాలలో రాజనీతి శాస్త్రంలో పట్టం పుచ్చుకున్నాడు. విండ్సర్‌లో న్యాయశాస్త్రం చదవటానికి వెళ్ళాడు గానీ ప్లీడరు కాలేదు. అంతరిక్షం అంటే ఆయనకు ప్రాణం. 1981లో, అమెరికావారి అంతరిక్ష షటిల్ మొదటిసారి పైకెగిరిన సంవత్సరంలోనే, "షటిల్" అనే నవల వ్రాశాడు. అది బాగా అమ్ముడుపోయింది. నేలమీద పది అడుగులు నడవటానికి కర్రలు కావలసిన మనిషి మనస్సు నక్షత్రాల దగ్గర తిరుగుతోంది!

తర్వాత రేడియోలో విజ్ఞాన శాస్త్ర విషయాలు చెప్పాడు. 1984లో టొరంటోలోని సిటీటీవీ అనే టెలివిజను స్టేషనువారు ఆయనను వాతావరణ విశేషాలు చెప్పటానికి తీసుకున్నారు. ఆ రోజులను తలచుకోండి. టెలివిజనులో కనబడేవారు అందంగా, చలాకీగా ఉండాలని అనుకునే కాలం. వికలాంగుడు తెరమీద కనబడ్డాడంటే జాలి కథలోనో, విరాళాల ప్రకటనలోనో కనబడాలి. ఈయనైతే ప్రతిదినం కాలిపర్లతో, కర్రతో, బండితో తెరమీదకు వచ్చి, రేపు మంచు పడుతుందా, ఎండ కాస్తుందా అని చెప్పేవాడు. తర్వాత ఉదయపు కార్యక్రమం నడిపించాడు, విద్యా విషయాలు చెప్పాడు, ఇరవైనాలుగు గంటల వార్తల ఛానలులో వార్తలు చదివాడు. ఇరవైరెండేండ్లకు పైగా ఇంటింటా ఆ ముఖం కనబడింది.

ఇందులో గొప్పేముంది అంటారేమో. నాకు కనబడిన గొప్ప ఏమిటంటే, ఆయన తన కాళ్ళను గూర్చి చెప్పటానికి రాలేదు. వాతావరణం చెప్పటానికి వచ్చాడు. చూస్తూ చూస్తూ జనం బండిని మరచిపోయి మనిషిని చూడటం నేర్చుకున్నారు. ఉపన్యాసాల వలన రాని మార్పు ఒక్కొక్కసారి పని వలన వస్తుంది.

ఆయన భార్య రూత్ ఆన్ క్రైస్తవ గాయకురాలు. వారికి ముగ్గురు కుమారులు.

కుర్చీ ఎక్కిన తర్వాత

2005లో అంటారియో శాసనసభ ఒక చట్టం చేసింది. 2025 నాటికి రాష్ట్రంలో ప్రతి దుకాణం, బడి, ఆఫీసు, బస్సు వికలాంగులకు అందుబాటులో ఉండాలన్నది దాని గురి. ఆ చట్టం అమలును గూర్చి ప్రభుత్వానికి సలహా చెప్పే మండలికి డేవిడ్ ఆన్లీ అధ్యక్షుడుగా పనిచేశాడు. అటుతర్వాతనే 2007లో గవర్నరు పదవి వచ్చింది.

ఆ శాసనసభ కట్టడం 1893 నాటిది. ముందు పెద్ద రాతి మెట్లు. గొప్పతనం అంటే ఎత్తు అనుకునే కాలంలో కట్టినది, మా ఊరి గుడిలాగానే. ఇప్పుడు రాజు ప్రతినిధే చక్రాల బండి మీద వచ్చాడు. బైబిలు చదివేవారికి మెఫీబోషెతు కథ తెలుసు. రెండు కాళ్ళూ కుంటివైన మనిషి రాజు బల్ల దగ్గర కూర్చుని భోజనం చేశాడు. కూర్చోబెట్టినది దావీదు. ఇక్కడ కూర్చున్నవాని పేరే దావీదు. ఈ పోలిక తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

పదవి పుచ్చుకున్ననాడే ఆయన తాను దేని కొరకు పాటుపడతాడో చెప్పాడు. అది అందుబాటు. అందుబాటు అంటే ర్యాంపు ఒక్కటే కాదని ఆయన పదేపదే వివరించేవాడు. మనిషి తనలో దాగియున్న శక్తినంతా వినియోగించుకోవటానికి వీలు కలిగించేది ఏదైనా అందుబాటే. చదువు, ఉద్యోగం, ఇల్లు, ప్రయాణం అన్నీ అందులోకి వస్తాయి. ముఖ్యంగా ఉద్యోగాన్ని గూర్చి చెప్పేవాడు. చదువుకుని కూడా ఇంట్లో కూర్చున్న వికలాంగులను పనిలో పెట్టుకోమని యజమానులను అడిగేవాడు. బార్టిల్‌మన్ మొదలుపెట్టిన ఆదివాసి పిల్లల చదువు పనిని కూడా విడిచిపెట్టక, వారికి కంప్యూటరు విద్య అందించటానికి ప్రయత్నించాడు. రోడ్డు కూడా లేని ఉత్తరపు గ్రామాలకు వెళ్ళి వచ్చాడు.

పదవిలో చిక్కులూ వచ్చాయి. 2012 అక్టోబరులో ముఖ్యమంత్రి డాల్టన్ మెగింటీ రాజీనామా ప్రకటించి, శాసనసభ సమావేశాలను ముగించమని గవర్నరును కోరాడు. ప్రతిపక్షాలు మండిపడ్డాయి. ఒప్పుకోవద్దని అనేకులు అన్నారు. అయితే ఎన్నికైన ప్రభుత్వపు సలహాను అనుసరించటమే రాజ్యాంగం తనకిచ్చిన పని గనుక ఆయన దానికి సమ్మతించాడు. 2013 ఫిబ్రవరి 11న క్యాథలీన్ విన్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించాడు. అంటారియోకు మొదటి మహిళా ముఖ్యమంత్రి ఆమె. తన మాటకు బలమెక్కడ ఉన్నదో, తన చేతికి అధికారమెక్కడ లేదో ఎరిగిన మనిషి. పదవిలో ఉన్నవారికి ఈ రెండూ తెలియటం అరుదు.

మామూలుగా అయిదేండ్లుండే పదవిలో ఆయన ఏడేండ్లున్నాడు. 2014 సెప్టెంబరు 23న ఎలిజబెత్ డౌడ్స్‌వెల్‌కు ఆ పదవిని అప్పగించి, తాను చదువుకున్న స్కార్‌బరో కళాశాలలోనే పాఠాలు చెప్పటానికి వెళ్ళిపోయాడు.

పదవి పోయిన తర్వాత చెప్పిన నిజం

ప్రియులారా, కథ ఇక్కడితో ఆపివేస్తే వినటానికి బాగుంటుంది. కానీ ఆయన ఆపలేదు గనుక నేనూ ఆపను.

2005 చట్టం ఎంతవరకు అమలయ్యిందో పరిశీలించమని ప్రభుత్వం డేవిడ్ ఆన్లీనే కోరింది. ఊరూరా తిరిగి వికలాంగుల మాటలు విన్నాడు. 2019లో నివేదిక బయటకు వచ్చింది. తాను ఏడేండ్లు గవర్నరుగా ఉన్న రాష్ట్రాన్ని గూర్చి, తానే సలహా చెప్పిన చట్టాన్ని గూర్చి, ఎంతో మెచ్చుకోలుగా వ్రాసి ఉండవచ్చు. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయితే ఆయన వ్రాసింది వేరు. వికలాంగులలో చాలామందికి ఈ రాష్ట్రం అవకాశాల చోటు కాదనీ, అడుగడుగునా మనస్సును కృంగదీసే అడ్డంకులేననీ, 2025 గురిని అందుకునే దారిలో మనం లేమనీ ఖండితంగా చెప్పాడు. ఆయన చెప్పినట్లే 2025 వచ్చింది, వెళ్ళింది, గురి అందలేదు.

ఆ దినాన్ని ఆయన చూడలేదు. 2023 జనవరి 14న, తన 72వ ఏట డేవిడ్ ఆన్లీ కన్నుమూశాడు. జనవరి 30న టొరంటోలోని యార్క్‌మినిస్టర్ పార్క్ బాప్టిస్టు గుడిలో ప్రభుత్వ లాంఛనాలతో ఆరాధన జరిపి ఆయనను సాగనంపారు.

ఇంతమందిలో ఒక మనిషి ఎత్తైన కుర్చీ ఎక్కినంత మాత్రాన మిగిలినవారికి మెట్లు తగ్గవు. ఈ సంగతి ఆయనకు తెలుసు. మనమైతే తరచు మరచిపోతాం. ఒక వికలాంగుడు పెద్ద పరీక్ష పాసయితే పత్రికలో ఫోటో చూసి, "పట్టుదల ఉంటే చాలు, చూశారా" అంటాం. ఆ మాటలో ఒక మోసముంది. ఎక్కలేనివాడిదే తప్పు అన్నట్టవుతుంది, మెట్లు కట్టిన మన తప్పు కనబడకుండా పోతుంది.

మన ఇంటి సంగతి

మన దేశంలో కూడా చట్టాలు లేకపోలేదు. 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో ఇంకా విశాలమైన చట్టం వచ్చింది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, ఇప్పుడు ఇరవైయొక్క రకాలను గుర్తిస్తున్నారు. ప్రభుత్వ ఉద్యోగాలలో మూడు శాతం ఉన్న రిజర్వేషను నాలుగు శాతమయ్యింది. ఇవి మన హక్కులు. మీ ఇంట్లో అటువంటివారుంటే ధృవీకరణ పత్రం తీసుకున్నారా? తీసుకోకపోతే ఆలస్యం చేయకండి.

ఇంకొక సంగతి. చిన్నప్పుడు పోలియో వచ్చి తగ్గినవారిలో కొందరికి, ముప్ఫయి నలభయి ఏండ్ల తర్వాత మళ్ళీ నీరసం, కండరాల నొప్పి, కొత్త బలహీనత రావచ్చు. డేవిడ్ ఆన్లీని కూడా ఇది బాధించింది. పోలియో మళ్ళీ వచ్చిందని కాదు. మిగిలిన నరాలు ఇన్నేండ్లు రెండింతల పని చేసి అలసిపోవటం వలన కలిగేది. మన ఊళ్ళలో అటువంటివారు ఇప్పుడు నడివయస్సు దాటారు. "నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా, ఇప్పుడేమొచ్చింది బద్ధకం" అని వారిని అనకండి. డాక్టరుకు చూపించండి, విశ్రాంతినివ్వండి.

మరి గుడి సంగతి? పక్షవాతం గల మనిషిని నలుగురు మోసుకొచ్చి, గుమ్మం దగ్గర సందు లేక ఇంటికప్పు విప్పి దింపిన సంగతి మనం ఆదివారపు బడిలోనే నేర్చుకున్నాం. ఆ నలుగురినీ మెచ్చుకుంటాం. గుమ్మానికి అడ్డంగా నిలబడినవారిని గూర్చి మాత్రం ఎవరమూ మాట్లాడం. మా ఊళ్ళో అలా అడ్డంగా నిలబడినవారిలో నేను ఒకణ్ణి. తేడా అల్లా నేను సిమెంటుతో నిలబడ్డాను.

మా గుడికి వాలు దారి కట్టటానికి పదకొండేండ్లు పట్టింది. డబ్బు లేక కాదు. తట్టక. మేస్త్రీ లెక్క చెప్పాడు: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి, లేకపోతే బండి ఎక్కదు, ఎక్కినా వెనక్కి జారుతుంది. మెట్టుకు ఆరంగుళాల చొప్పున ఏడు మెట్లు, అంటే మూడున్నర అడుగుల ఎత్తు. నలభైరెండడుగుల దారి. అంత పొడవు ఎదుట లేదు గనుక గోడ ప్రక్కగా తీసుకువెళ్ళి, మధ్యలో బండి మలుపు తిరగటానికి చదునైన చోటు వదలి, పట్టుకోవటానికి ఇనుప గొట్టం పెట్టించాం. మొత్తం ఖర్చు చూసుకుంటే ఆ స్తంభాల మీద సిమెంటు పువ్వులకైనంత కూడా కాలేదు.

మొదటి ఆదివారం ఆ సహోదరి తన బండిని తానే తిప్పుకుంటూ లోపలికి వచ్చింది. మేము చప్పట్లు కొట్టబోయాం. ఆమె చెయ్యెత్తి వారించింది. "ఎందుకన్నా చప్పట్లు? గుడికి వచ్చాను, అంతేగదా" అంది. తర్వాత ఆ దారి వెంబడి ఎవరెవరు వచ్చారో చూడండి: మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, నెలలు నిండిన కోడళ్ళు, పసిపిల్లల తల్లులు, కాలు విరిగి కట్టుతో ఉన్న మా సంఘ పెద్ద ఒకాయన. ఒక్కరి కొరకు అనుకున్న దారి మీద ఊరు సగం నడుస్తోంది.

ఈ నెల మీరు చేయవలసిన పని ఒక్కటే చెబుతాను. టేపు పట్టుకుని వెళ్ళి మీ గుడి మెట్లు కొలవండి. తర్వాత మీ ఊరి బడివి, చౌకధరల దుకాణానివి, పంచాయతీ ఆఫీసువి. ఎన్ని అడుగుల దారి కావాలో లెక్క కట్టి వచ్చే కమిటీలో ఆ కాగితం బల్ల మీద పెట్టండి. కాగితం పెట్టేముందు చెట్టుక్రింద ఎవరైనా కూర్చుని ఉన్నారేమో, ఒకసారి బయటకు వెళ్ళి చూసి, వారినే అడగండి.